మిరి నుంచి నియా గుహలు: పెద్దవాళ్లతో, పిల్లలతో ఒక్క పూటలో చూసి రావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డిసెంబర్ ఆఖరి వారంలో, బోర్నియో దీవిలో మలేషియాకు చెందిన సారవాక్ రాష్ట్రంలోని మిరి పట్నంలో మూడు రోజులుంటారు. వెంట 68 ఏళ్ల అత్తగారు, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు. పొద్దున్నే బయల్దేరి నియా గుహలు చూసుకుని మధ్యాహ్నం భోజనానికి మిరి వచ్చేయొచ్చా, గైడ్ కావాలా, అసలు ఇదంతా మానేసి, ఇంకా పెద్ద గుహలున్న ములు వెళ్లడమే మంచిదా? నేను ఉద్యోగరీత్యా మిరిలో చాలా ఏళ్లు ఉన్నాను. ఇండియా నుంచి ఎవరు దిగినా నియా తీసుకెళ్లే బాధ్యత నా మీదే పడేది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒక్క పూటలో వెళ్లి రావడం కుదురుతుంది కానీ చూడాల్సింది చూడకుండా వస్తారు. గైడ్ తప్పనిసరి కాదు, అయినా పెట్టుకుంటే డబ్బు వృథా కాదు. మీ అత్తగారు పెద్ద గుహ ముఖద్వారం దాకా రాగలరు, అక్కణ్నుంచి లోపలికి వద్దు. ఇక ములు సంగతి, ఉన్న మూడు రోజుల్లో రెండూ ఇరికించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

అందరూ చేసే పొరపాటు టైమింగ్ దగ్గరే. మిరి నుంచి టూర్ కార్లు పొద్దున ఎనిమిదికి బయల్దేరతాయి, పదింటికల్లా పార్కులో దింపుతాయి, రెండు మూడింటికి వెనక్కి తిప్పేస్తాయి. అంటే ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నడుస్తారు, గుహకు ప్రాణం వచ్చే వేళకు మిరి రోడ్డు మీద కారులో నిద్రపోతుంటారు. నియాలో అసలైన వేళ సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర మధ్య. పగలంతా అడవి మీద తిరిగిన స్విఫ్ట్‌లెట్ పిట్టలు గుంపులుగా గుహలోకి వచ్చేస్తుంటాయి, సరిగ్గా అప్పుడే గబ్బిలాలు బయటికి బయల్దేరతాయి. ఫ్యాక్టరీలో షిఫ్టు మారినట్టే ఉంటుంది. ఇది చూడాలంటే రాత్రికి పార్కులోనే ఉండాలి. పార్కు కార్యాలయం దగ్గరే సారవాక్ ఫారెస్ట్రీ కార్పొరేషన్ వాళ్ల గదులు, హాస్టల్ ఉన్నాయి, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. డిసెంబర్ చివర అంటే అక్కడ స్కూళ్లకు సెలవులు కాబట్టి ఆలస్యం చేయకండి. గదులు సాదాసీదాగా ఉంటాయి, రిసార్టు ఊహించుకుని వెళ్లొద్దు.

ఇప్పుడు దారి గురించి. నియా మిరికి నైరుతి దిక్కున, మిరి నుంచి బింతులు వెళ్లే హైవేకి కాస్త లోపలగా ఉంటుంది. కారులో గంటన్నర నుంచి రెండు గంటలు. బస్సులూ ఉన్నాయి కానీ అవి హైవే మీద నియా జంక్షన్ దగ్గరే దింపేస్తాయి. అక్కణ్నుంచి బతు నియా ఊరు పది కిలోమీటర్ల పైమాటే, పార్కు ఆ ఊరు దాటాక ఇంకో మూడు కిలోమీటర్లు. జంక్షన్ దగ్గర ప్రైవేటు కార్లవాళ్లతో బేరమాడుకోవాలి. పెద్దావిడతో, పిల్లాడితో ఈ తంటా అనవసరం. మిరిలో గ్రాబ్ (ఫోన్ యాప్‌లో పిలిచే ట్యాక్సీ) బాగానే దొరుకుతుంది, కానీ పార్కు నుంచి వెనక్కి రావడానికి దాన్ని నమ్ముకోకండి. మిరిలోనే కారు మాట్లాడుకుని, మర్నాడు ఎన్ని గంటలకు వచ్చి ఎక్కించుకోవాలో ముందే ఖాయం చేసుకోండి. సొంతంగా నడపాలనుకుంటే అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే, కాబట్టి ఇబ్బంది ఉండదు. ఇంటర్నేషనల్ పర్మిట్ మాత్రం వెంట ఉంచుకోండి.

చాలామందికి తెలియని ఇంకో విషయం ఉంది. కౌలాలంపూర్‌లో ఇమ్మిగ్రేషన్ అయిపోయింది కదా అని పాస్‌పోర్టు పెట్టెలో పడేయకండి. సారవాక్‌కు సొంత ఇమ్మిగ్రేషన్ అధికారం ఉంది. మలేషియాలోంచే వచ్చినా మిరి ఎయిర్‌పోర్టులో మళ్లీ పాస్‌పోర్టు చూపించాలి.

పార్కులో టికెట్ తీసుకుని పేర్లు రాయించుకున్నాక ముందు నియా నది దాటాలి. నది చిన్నదే, మోటారు పడవలో రెండు నిమిషాలు కూడా పట్టదు, ఛార్జీ ఒకటి రెండు రింగిట్ల వ్యవహారం. నోట్లు చిల్లరగా ఉంచుకోండి. అంత చిన్న నది కదా అని బాబును నీళ్లలో కాళ్లు పెట్టనివ్వకండి. నియా నదిలో మొసళ్లున్నాయి, ఒడ్డున పెట్టిన బోర్డులు ఊరికే పెట్టినవి కావు. పడవ దిగే ముందే పడవవాణ్ని రెండు సంగతులు అడగండి: సాయంత్రం ఆఖరి పడవ ఎప్పుడు, చీకటి పడ్డాక వస్తే ఎవరిని పిలవాలి. గుహలోకి ఆఖరి ప్రవేశం ఎన్నింటికో టికెట్ కౌంటర్‌లోనే కనుక్కోండి. సాయంత్రం గుహ దగ్గర ఉంటామని వాళ్లకు ముందే చెప్పి వెళ్లాలి, చెప్పకుండా మాత్రం ఉండిపోవద్దు.

నది దాటగానే చిన్న మ్యూజియం వస్తుంది. తొందరలో ఉన్నవాళ్లు దీన్ని వదిలేసి గుహకు పరుగెడతారు. నన్నడిగితే ఇక్కడ అరగంటైనా గడపకుండా పైకి వెళ్లొద్దు. ఎందుకంటే నియాలో పెద్ద గుహ ఒక్కటే విశేషం అయితే, దానికంటే పెద్ద గుహలు పక్కనే ములులో ఉన్నాయి. నియా ప్రత్యేకత ఆ గుహలో ఉన్న మనుషుల కథ. అది తెలియకుండా వెళ్తే కంచె వేసిన గొయ్యి, గోడ మీద వెలిసిపోయిన ఎర్రటి గీతలు, చీకటి, కంపు, ఇంతే కనిపిస్తాయి. "ఇంత దూరం దీనికోసమా" అని నా వెంట వచ్చినవాళ్లే అన్నారు.

ఆ కథ క్లుప్తంగా చెప్తాను, బాబుకు ముందే చెప్పి తీసుకెళ్లండి. ఈ కొండ సున్నపురాయి. సుమారు రెండు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ వెచ్చని సముద్రం ఉండేది, అందులో పెరిగిన పగడపు దిబ్బలే ఇప్పటి ఈ సుబిస్ కొండ. 1870ల్లో ఎవరెట్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆది మానవుడి ఆనవాళ్ల కోసం బోర్నియో గుహలు గాలించి, చెప్పుకోదగ్గదేమీ లేదని తేల్చేశాడు. దాంతో చాలాకాలం ఎవరూ ఇటు చూడలేదు. 1954లో సారవాక్ మ్యూజియం క్యూరేటర్ టామ్ హారిసన్ ఇక్కడ తవ్వడం మొదలుపెట్టాడు. 1958లో పెద్ద గుహ పడమటి ముఖద్వారం దగ్గర లోతుగా తవ్విన గోతిలో ఒక పుర్రె దొరికింది. అదే స్థాయిలో దొరికిన బొగ్గుకు కార్బన్ పరీక్ష చేస్తే సుమారు 40 వేల ఏళ్లు అని వచ్చింది. అప్పటికి ఆగ్నేయాసియాలో ఆధునిక మానవుడు అంత పాతవాడని ఎవరూ అనుకోలేదు.

సహజంగానే అందరూ నమ్మలేదు. హారిసన్ మట్టి పొరలను సరిగా పట్టించుకోకుండా తవ్వాడని, ఆ పుర్రె పై పొరలోంచి కిందకు పూడ్చిన శవానిది అయ్యుండొచ్చని దశాబ్దాల పాటు వాదన నడిచింది. 2000 తర్వాత పురావస్తు శాస్త్రజ్ఞుడు గ్రేమ్ బార్కర్ నాయకత్వంలో వచ్చిన బృందం పాత గోతుల గోడలను మళ్లీ శుభ్రం చేసి, పొరలను ఒక్కొక్కటిగా చదివి, పుర్రె నిజంగానే అంత పాతదని తేల్చింది. ఇప్పుడు దాని వయసు సుమారు 37 వేల ఏళ్లని చెబుతున్నారు. మనుషుల జాడ అంతకంటే ముందు నుంచీ ఇక్కడ ఉంది. ఎముకను 2016లో మళ్లీ పరిశీలించినప్పుడు అది నడివయసు ఆడమనిషిది అయ్యుండొచ్చని, పోలికలు ఆస్ట్రేలియా ఆదివాసులకంటే నేటి బోర్నియో ఆదివాసులకే దగ్గరగా ఉన్నాయని అన్నారు.

నాకు పుర్రెకంటే ఎక్కువ నచ్చేది వాళ్లేం తిన్నారన్న సంగతి. అడవి పందులు, కోతులు, ఉడుముల ఎముకలు దొరికాయి, అది ఊహించగలిగేదే. వాటితో పాటు విషం ఉన్న దుంపలు, విషం ఉన్న గింజల ఆనవాళ్లు కూడా దొరికాయి. పచ్చిగా తింటే మనిషిని చంపేసే గింజలను బూడిదతో గోతుల్లో పాతిపెట్టి, విషం విరిగాక తీసి తిన్నారని బార్కర్ బృందం చెప్పింది. కెపాయాంగ్ అనే ఆ గింజలను ఆ ప్రాంతాల్లో ఇప్పటికీ విషం తీసి వంటల్లో వాడతారు. వానల అడవిలో వేటగాళ్లు బతకలేరు, తిండి దొరకదు అని అంతవరకు చెప్పిన పండితులకు నియా ఇచ్చిన జవాబు అది. అప్పట్లో సముద్రం ఇప్పటికంటే బాగా కిందకు ఉండేది, బోర్నియో ఆసియా ఖండంతో నేల మీదుగానే కలిసి ఉండేది. వాళ్లు ఇక్కడికి నడిచే వచ్చారు.

ఇలాంటి వాన ప్రాంతంలో ఎముకలు ఇన్ని వేల ఏళ్లు ఎలా మిగిలాయని మా చుట్టాలబ్బాయి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. అడవి నేల పుల్లటిది, అందులో ఎముక కొద్దికాలానికే కరిగిపోతుంది. గుహ ముఖద్వారం మాత్రం పైనుంచి వాన పడని చోటు, పైగా సున్నపు నేల, అందుకని మిగిలాయి. 2024 జులైలో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశంలో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. సారవాక్‌లో ములు తర్వాత ఇది రెండోది. ఆ గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, సెలవు రోజుల్లో ముఖ్యంగా.

ఇక నడక. మ్యూజియం నుంచి పెద్ద గుహ దాకా మూడు కిలోమీటర్ల పైన చెక్క దారి. అడవి నేలకు కాస్త ఎత్తులో పలకలు పరిచారు. దాదాపు అంతా చదునే, అత్తగారికి నడక అలవాటుంటే గంటన్నరలో మెల్లగా వెళ్లిపోతారు. ఇబ్బంది దూరంతో కాదు, తడితో. వాన పడిన చెక్క మీద పాకుడు పట్టి ఉంటుంది, మామూలు చెప్పులతో ఒక్క అడుగు తప్పితే నడుం విరుగుతుంది. కింద గట్టి గరుకు అట్ట ఉన్న బూట్లు అందరికీ కావాలి, ఆవిడకు చేతికర్ర కూడా. దారిలో తలెత్తి చూస్తుండండి. తపాంగ్ చెట్ల మొదళ్లకు గోడల్లాంటి వేళ్లు ఉంటాయి, ఒక్కో చెట్టు అడవి మొత్తానికి పైన తేలి ఉంటుంది. పొడుగు తోక కోతులు కనిపిస్తాయి, చేతిలో తినేవి ఉంటే లాక్కుంటాయి. దారిలో ఒకచోట పక్క ఊరి ఇబాన్ తెగ ఆడవాళ్లు చల్లటి డ్రింకులు, చిన్న చిన్న వస్తువులు అమ్ముతూ కూర్చుంటారు. దాహానికి అక్కడే కొనుక్కోండి, వాళ్లకూ కాస్త ఆదాయం.

ఎదురుగా వీపు మీద బస్తా వేసుకుని ఎవరైనా వస్తుంటే మీరే పక్కకు తప్పుకోండి. గుహలోంచి గబ్బిలాల, పిట్టల రెట్ట ఎరువుగా మోసుకొచ్చేవాళ్లు వాళ్లు. అంత బరువుతో వాళ్లు ఆగలేరు.

చెక్క దారి చివర మెట్లెక్కితే మొదట వచ్చేది వర్తకుల గుహ. నిజానికి అది గుహ కాదు, కొండ అంచు ముందుకు వంగి వేసిన పెద్ద చూరు. దాని కింద పాత కర్ర చట్రాలు ఇంకా నిలబడి ఉన్నాయి. పిట్ట గూళ్ల వ్యాపారులు, రెట్ట సేకరించేవాళ్లు ఆ కర్రల మీద గుడిసెలు వేసుకుని ఉండేవారు. అది బెలియాన్ కర్ర, పురుగు పట్టదు, నీళ్లకు కుళ్లదు. ఇక్కడ కాసేపు కూర్చుని నీళ్లు తాగి కదలండి.

అక్కణ్నుంచి కొద్ది దూరం నడిస్తే పెద్ద గుహ పడమటి ముఖద్వారం. 60 మీటర్ల ఎత్తు, 250 మీటర్ల వెడల్పు అని పుస్తకాల్లో చదువుతాం. ఎదురుగా నిలబడేదాకా ఆ అంకెలు బుర్రకెక్కవు. తవ్విన గోతులు కంచెల వెనక ఎడమ వైపు ఉంటాయి. మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ నేరుగా లోపలికి పడుతుంది, ఫోటోలకు అదే మంచి వెలుగు. హారిసన్ మనుషులకు మాత్రం ఆ ఎండే నరకం, ఒక గోతికి ఆ పేరే పెట్టుకున్నారు. మీ అత్తగారిని ఇక్కడిదాకా తీసుకురండి. ఇక్కడ కూర్చుంటే చాలు, నియాలో చూడాల్సినవాటిలో సగానికి పైగా చూసినట్టే.

పైకప్పు నుంచి సన్నటి స్తంభాలు, తాళ్లు వేలాడుతుంటాయి, అవేమిటని బాబు తప్పకుండా అడుగుతాడు. స్విఫ్ట్‌లెట్ పిట్టలు తమ లాలాజలంతో కట్టే గూళ్లను చైనావాళ్లు సూప్‌గా చేసుకుంటారు. ఆ గూళ్ల కోసం మనుషులు ఆ స్తంభాలను పట్టుకుని పైకప్పు దాకా పాకుతారు. నడుముకు తాడు కూడా లేకుండా ఎక్కేవాళ్లుంటారు, పడి చనిపోయినవాళ్లూ ఉన్నారు. గూళ్లు తీసే హక్కు కొన్ని కుటుంబాలకు తరతరాలుగా వస్తోంది, ఇప్పుడు దానికి లైసెన్సులు, సీజన్లు ఉన్నాయి. మితిమీరి తీయడం వల్ల పిట్టల సంఖ్య ఒకప్పటితో పోలిస్తే బాగా పడిపోయింది. మీరు వెళ్లినప్పుడు పైన ఎవరైనా పని చేస్తుంటే సరిగ్గా వాళ్ల కింద నిలబడకండి, టార్చి వెలుగు వాళ్ల ముఖాన కొట్టకండి.

ముఖద్వారం దాటి లోపలికి వెళ్తే మెట్లు మొదలవుతాయి. దిగడం, మళ్లీ ఎక్కడం, కొన్ని బాగా నిటారుగా ఉంటాయి. చేతికందే కమ్మీలన్నీ రెట్టతో జిగురుగా ఉంటాయి, మోటు పనికి వాడే గ్లౌజులు రెండు జతలు కొనుక్కెళ్లండి, నాకు థ్యాంక్స్ చెప్పుకుంటారు. మధ్యలో ఒకచోట పైకప్పు కంతల్లోంచి ఎండ స్తంభాల్లా దిగుతుంది, అందరూ అక్కడే ఆగి ఫోటోలు తీసుకుంటారు. ఆ తర్వాత వచ్చే గాన్ కిరా అనే భాగం పూర్తి చీకటి. ఫోన్ టార్చితో వెళ్దాంలే అనుకోవద్దు. ఒక చేయి కమ్మీ మీద ఉండాలి, ఇంకో చేయి పిల్లాణ్ని పట్టుకోవాలి, ఫోన్ ఏ చేత్తో పట్టుకుంటారు? తలకు కట్టుకునే లైటు ప్రతి ఒక్కరికీ ఒకటి కావాలి, అదనపు బ్యాటరీలతో. ఆ చీకట్లో ఒక్క నిమిషం లైట్లన్నీ ఆర్పేసి నిలబడి వినండి, టిక్కు టిక్కుమని చప్పుడు వినిపిస్తుంది. స్విఫ్ట్‌లెట్లు ఆ చప్పుడు ప్రతిధ్వని వింటూ చీకట్లో దారి వెతుక్కుంటాయి. పిట్టల్లో ఈ విద్య తెలిసినవి చాలా తక్కువ. మా వెంట వచ్చిన పిల్లలందరికీ ఇదే బాగా గుర్తుండిపోయేది.

ఆ చివర బయటికొచ్చి, కొద్దిపాటి అడవి దాటితే బొమ్మల గుహ. ఇక్కడ నిరాశ పడకుండా ముందే చెప్తున్నాను. గోడ మీద ఎర్రటి ధాతువుతో వేసిన మనుషుల బొమ్మలు, పడవ బొమ్మలు ఉన్నాయి, కానీ బాగా వెలిసిపోయాయి. పైగా కంచె అవతల నిలబడి చూడాలి. చిన్న బైనాక్యులర్ కానీ జూమ్ ఉన్న కెమెరా కానీ లేకపోతే ఏమీ కనిపించదు. ఆ గోడ కిందే పడవ ఆకారంలో తొలిచిన శవపేటికలు దొరికాయి, వాటితో పాటు చైనా పింగాణీ ముక్కలు, పూసలు. చచ్చిపోయినవాళ్లు పడవెక్కి పరలోకానికి పోతారని వాళ్ల నమ్మకం, బొమ్మల్లో ఉన్నదీ అదేనని చెబుతారు. ఇవి సుమారు 1200 ఏళ్ల నాటివని అంచనా. అంటే అక్కడ పెద్ద గుహలో పుర్రె ఉన్న మనిషికీ, ఇక్కడ బొమ్మ గీసిన మనిషికీ మధ్య 35 వేల ఏళ్లకు పైగా ఎడం. రెండింటినీ ఒకే కాలం అనుకుని మాట్లాడేవాళ్లు చాలామంది.

గైడ్ గురించి. ములులో ముఖ్యమైన గుహలకు గైడ్ లేనిదే పంపరు, నియాలో మీ అంతట మీరే వెళ్లొచ్చు. దారి తప్పడానికేమీ లేదు. గైడ్ కావాల్సింది దారికి కాదు, చూపించడానికి. గోడ మీది ఆ గీతల్లో ఏది మనిషో ఏది పడవో, గోతిలో ఏ పొర ఏ కాలందో తెలిసినవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. పార్కు ఆఫీసులో ముందు రోజు అడిగి పెట్టుకోండి. చరిత్ర మీద మీకు ఆసక్తి లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

డిసెంబర్ అన్నారు కాబట్టి వాన గురించి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, సారవాక్‌లో బాగా పడేది అప్పుడే. ప్రయాణం మానుకోమని అనను. వాన రోజంతా ఉండకపోవచ్చు, పైగా గుహలో ఉన్నప్పుడు పడితే మీకేం ఫరవాలేదు. కానీ జడివాన పడితే చెక్క దారి కొన్ని చోట్ల మునుగుతుంది, మరమ్మతులకని ఏదో ఒక గుహ మూసేస్తుంటారు. బయల్దేరే ముందు రోజు పార్కుకు ఫోన్ చేసి ఏవి తెరిచి ఉన్నాయో అడగండి. సాయంత్రం వాన పడుతుంటే గబ్బిలాలు ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి రానే రావు.

ఆరోగ్యం మాటల్లో రెండు మూడు ముఖ్యం. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా గుహ లోపలికి వెళ్లే ముందు డాక్టర్ని అడగండి. గబ్బిలాల రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే ఫంగస్ ఉండే అవకాశం ఉంది. మిగతావాళ్లు కూడా మాస్కు పెట్టుకుంటే మంచిది, కంపుకూ పనికొస్తుంది. సారవాక్‌లో 2017 నుంచి రేబిస్ ఉంది, వీధి కుక్కల్ని ముద్దు చేయకండి, కింద పడిన గబ్బిలాన్ని బాబు ముట్టుకోకుండా చూసుకోండి. దోమల మందు సాయంత్రం మళ్లీ రాసుకోవాలి, కోతుల నుంచి మనుషులకు సోకే మలేరియా ఈ ప్రాంతంలో ఉంది. ఒక్కొక్కరికి లీటరున్నర నీళ్లకు తగ్గకుండా పెట్టుకోండి, అక్కడి ఉక్కకు చొక్కా పది నిమిషాల్లో తడిసిపోతుంది. జలగల భయం చెక్క దారి మీద పెద్దగా అక్కర్లేదు.

మీరు శాకాహారులో కాదో రాయలేదు. అయితే గనక, క్యాంటీన్‌లో వేయించిన అన్నం, నూడుల్స్ దొరుకుతాయి కానీ "మాంసం వద్దు" అంటే సరిపోదు, రొయ్యల ముద్ద కూడా వద్దని విడిగా చెప్పాలి. దాన్ని బెలాచాన్ అంటారు, వాళ్ల వంటల్లో చాలావాటిలో పడుతుంది. రాత్రికి పులిహోరో చపాతీలో మీ వెంట ఉంటే టెన్షన్ లేదు.

ఇక ములు. గుహల పరిమాణం, లక్షల గబ్బిలాలు ఒక్కసారిగా ఆకాశంలోకి లేచే దృశ్యం, ఇవే కావాలంటే నిస్సందేహంగా ములు. మిరి నుంచి చిన్న విమానంలో అరగంట. అక్కడి జింకల గుహకు వెళ్లే దారి కూడా మూడు కిలోమీటర్ల చెక్క దారే, మోకాళ్ల విషయంలో నియా లోపలి మెట్లకంటే నయం. కానీ కనీసం రెండు రాత్రులు ఉండాలి. డిసెంబర్ వానల్లో విమానం ఆలస్యమైతే మీ మూడు రోజుల ప్లాను మొత్తం తల్లకిందులవుతుంది. మీకున్న టైముకు నా ఓటు నియాకే.

నేనైతే ఇలా వేసుకుంటాను. మొదటి రోజు మిరిలో విశ్రాంతి. రెండో రోజు పొద్దున పదికి బయల్దేరి మధ్యాహ్నానికి పార్కు చేరడం, భోజనం, మ్యూజియం అందరూ కలిసి. రెండింటికి మీ ఇద్దరిలో ఒకరు బాబును తీసుకుని నడక మొదలుపెట్టండి, ఇంకొకరు అత్తగారితో గదిలో ఉండిపోండి. వెళ్లేటప్పుడు ఎక్కడా ఎక్కువసేపు ఆగకుండా ముందు బొమ్మల గుహ దాకా పోండి, తిరుగుదారిలో అయిదున్నరకల్లా పడమటి ముఖద్వారం దగ్గరికి వచ్చి కూర్చోండి. పిట్టలు, గబ్బిలాలు చూసుకుని లైట్లతో వెనక్కి. చీకట్లో ఆ చెక్క దారి మొదట భయంగా ఉంటుంది కానీ దారి ఒక్కటే, తప్పిపోరు. మధ్యలో లైటు ఆర్పి చూస్తే కుళ్లిన కర్రల మీద పచ్చగా వెలిగే పుట్టగొడుగులు ఒక్కోసారి కనిపిస్తాయి. ఆ రోజు గుహను పెందలాడే మూసేస్తామంటే వాదించకండి, వెలుగుండగానే దిగిపోండి.

మూడో రోజు పొద్దున ఎనిమిదికి, ఎండ ముదరకముందే, అత్తగారితో మెల్లగా ముఖద్వారం దాకా వెళ్లండి. ముందు రోజు ఉండిపోయినవారు ఈసారి లోపలికి వెళ్లొచ్చు, ఇంకొకరు ఆవిడ దగ్గర కూర్చుంటారు. పన్నెండున్నరకల్లా నది ఇవతల ఉంటారు, మూడింటికి మిరి చేరిపోతారు. ఆ సాయంత్రమే ఫ్లైటు ఉంటే ఆరు తర్వాతది చూసుకోండి, అంతకుముందుది అయితే అత్తగారి నడక మ్యూజియం దగ్గరే ఆపేసి పదకొండుకల్లా కారెక్కండి.